ఆ పేరు మీది పుస్తకాలు

వకీల్ సాబ్ పోయాడన్న కబురు మా ఇంటికి తెచ్చింది ఊళ్లోని తెలుగు వాచనాలయం అధ్యక్షుడు. నేను వాకిట్లో కూర్చుని అంబాడి ఆకు తెంపుతున్నాను. అంబాడి అంటే గోంగూరే. నాందేడులో మేమూ మరాఠీవాళ్ల మాటే అంటాం. అతను చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడ్డాడు. మా ఆయన బతికున్న రోజుల్లో ఆయన వెంట తిరిగినవాడు, నన్ను వదినా అని పిలుస్తాడు.

"వకీల్ సాబ్ పోయిండు వదినా. పొద్దుగాల చాయ తాగుకుంటనే తల వాల్చిండట. నొప్పి లేదు, ఏం లేదు."

"మంచి సావు," అన్నాను.

"ఐతారం నాడు సభ పెడ్తున్నం. ఆయన రాసిన పుస్తకాలన్ని బల్ల మీద పెడ్తం. నువ్వు అచ్చి రెండు ముక్కలు చెప్పాలె. మా అన్నకు, ఆయనకు మస్తు జత ఉండె గద."

నా చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. అతను నా ముఖం చూసి దుఃఖం అనుకున్నాడు. అది దుఃఖం కాదు. తిన్న పప్పులో బల్లి పడిందని తిన్నాక తెలిసినట్టుంది నాకు. అయినా వస్తానన్నాను.

వకీల్ సాబ్ చూడటానికి మంచి మనిషే. తెల్లటి షేర్వానీ, కోర్టుకు పోయేటప్పుడు నెత్తిన రూమీ టోపీ, చెవిలో అత్తరు దూది. అదాలత్‌లో ఆయనకు పెద్ద కేసులేమీ వచ్చేవి కావు. సాయంత్రం కాగానే వాచనాలయానికి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోవడం నేనెరగను. పుస్తకం చేతికిస్తే మొదట చూపుడువేలు నోట్లో పెట్టి నాలుకతో తడిపేవాడు. పాన్ నమిలే నోరు. ఆ వేలితో పేజీ తిప్పేవాడు. మా వాచనాలయంలో ఏ పుస్తకం తీసినా మొదటి నాలుగు పేజీల మూలలు, చివరి రెండు పేజీల మూలలు ఎర్రగా ఉండేవి. మధ్య పేజీలు మాత్రం తెల్లగా ఉండేవి. ఉడికిన పల్లీలు తింటూ తొక్కలు పుస్తకంలోనే పెట్టి మూసేవాడు. తరువాత చదివేవాళ్ల ఒడిలో అవి రాలేవి.

మా ఆయనది భోకర్ అవతలి పల్లె. పత్తి బజారులో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు చూసే మునీముగా ఉండేవాడు. పొద్దంతా పత్తి తూకాలు చూసి, సాయంత్రం కాళ్లు కడుక్కుని వాచనాలయం తాళం తీసేవాడు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. జీతమూ లేదు, భత్యమూ లేదు. ఆయనకు తెలుగు చదవడం పెద్దయ్యాక వచ్చింది. బడిలో ఉర్దూ, బజారులో మరాఠీ, ఇంట్లో మాత్రమే తెలుగు ఉన్న చోట తెలుగు అక్షరం నేర్పేవాళ్లెవరు? వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, మెల్లగా చదివేవాడు. ఆయన చదివి నాకు చెప్పాడు. తరువాత నేనే చదవడం మొదలుపెట్టాను.

ఆయన పేరు, వకీల్ సాబ్ పేరు ఒకటే. పెనిమిటి పేరు నోటితో అనకూడదని పెంచిన ఇంటినుంచి వచ్చినదాన్ని కాబట్టి, వకీల్ సాబ్ పేరు కూడా నేను ఎన్నడూ అనలేదు. ఇక్కడా రాయను. అది పెద్ద అరుదైన పేరేమీ కాదు. ఆ పేరు పెట్టుకుని పుస్తకాలు రాసిన వాళ్లు బెజవాడలో ఉన్నారు, మద్రాసులో ఉన్నారు, రాజమండ్రి దిక్కున ఉన్నారు. వాళ్ల పుస్తకాలు ఒక్కటొక్కటిగా మా వాచనాలయానికి వచ్చాయి. మొదట వచ్చింది పిల్లల వ్యాకరణం. అట్ట మీద పేరు చూసి ఎవరో అడిగారట, "వకీల్ సాబ్, ఇది మీరు రాసిందేనా?" అని.

ఆయన ఆ పుస్తకం తీసుకుని, అట్టను ధోతి కొంగుతో తుడిచి, దాని మీద అరచెయ్యి ఆనించి, చంటిపిల్ల నెత్తి నిమిరినట్టు నిమిరి, "చదివినవా? ఎట్లున్నది మరి?" అన్నాడు.

అంతే. రాశాననలేదు, రాయలేదనలేదు. ఆ తరువాత కృష్ణుడి మీద శతకం వచ్చింది. పశువుల రోగాల పుస్తకం వచ్చింది. నవల వచ్చింది. ప్రతిసారీ ఆ చెయ్యి అట్లాగే అట్ట మీదికి పోయేది. "ఎట్లున్నది మరి?" అనేవాడు. బాగుందంటే కళ్లు మూసుకుని తల ఊపేవాడు. బాగాలేదంటే, "అచ్చాఫీసులల్ల మస్తు తప్పులు పడ్తయి," అనేవాడు. అదీ అబద్ధం కాదు. అచ్చాఫీసుల్లో తప్పులు పడటం లోకమెరిగిన సంగతే.

పశువుల పుస్తకం పుణ్యమా అని ఊళ్లనుంచి రైతులు ఆయన ఇంటికి వచ్చేవాళ్లు. ఒకసారి భోకర్ తొవ్వ మీది పల్లె మనిషి, ఎద్దు నోటినుంచి నురుగు కారుతున్నదని చెప్పుకుంటూ ఏడ్చాడు. వకీల్ సాబ్ అతన్ని వాచనాలయానికి తీసుకొచ్చి, మా ఆయనతో ఆ పుస్తకం తీయించి, "అండ్ల ఉన్నట్లు చెయ్యి," అన్నాడు. మా ఆయన వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఆ పేజీ అంతా అతనికి చదివి చెప్పాడు. ఎద్దు బతికింది. ఆ రైతు మళ్లీ వచ్చి వకీల్ సాబ్ కాళ్లకు మొక్కి, గంపెడు వంకాయలు ఇచ్చిపోయాడు. ఆ వంకాయలు మా ఇంటి ముందునుంచే పోయాయి.

మా ఆయనకు మాత్రం ఇవన్నీ పండుగలే. "ఆయనది, నాది ఒకటే పేరే," అనేవాడు నాతో, తనకే ఎవరో కిరీటం పెట్టినట్టు.

"ఒక్క మనిషి వ్యాకరణం, ఎద్దుల మందు, కృష్ణుని పద్యాలు అన్ని ఎట్ల రాస్తడయ్యా?" అని ఒకరోజు అడిగాను. "అట్ట మీద పేరు ముంగట ఇంటిపేరు అక్షరం ఒక్కో పుస్తకంల ఒక్కో తీరుగ ఉన్నది, చూసినవా?"

"అచ్చుల తప్పు పడ్తదట," అన్నాడు. "పెద్దోళ్లను అట్ల శంకించద్దు."

నాకు శంక నవలతో తీరిపోయింది. ఆ నవల నేను రెండుసార్లు చదివాను. అందులో ఒక కోడలు, మొగుడు రెండో పెళ్లి చేసుకోగానే ఇల్లు విడిచి, ఊరి చివర విసుర్రాయి పెట్టుకుని నలుగురికీ పిండి విసిరి బతుకుతుంది. సవతి చచ్చిపోయిందని తెలిసిన రోజు ఆమె విసరడం ఆపి, ఇంట్లో దీపం పెట్టి, ఆ సవతి పిల్లలను తెచ్చుకుంటుంది. ఎందుకు తెచ్చుకుందో పుస్తకంలో ఎక్కడా లేదు. వకీల్ సాబ్ మా ఇంట్లో భోజనానికి వచ్చినప్పుడు, జొన్నరొట్టె వేస్తూ అడిగాను.

"ఆమె ఆ పిల్లలను ఎందుకు తెచ్చుకున్నది, వకీల్ సాబ్?"

ఆయన మునక్కాడ చీకుతున్నాడు. చీకిన పిప్పి విస్తరి అంచున పెట్టాడు. "నీకేమనిపించిందమ్మా?" అన్నాడు.

నేను పిచ్చిదాన్ని, చెప్పాను. ఆమెకు ప్రేమ పుట్టి కాదనీ, మొగుడి ఇంట్లో తనకు దొరకని చోటు ఆ పిల్లలకైనా తన ఇంట్లో దొరకాలనే పట్టుదలతో తెచ్చుకుందనీ, అది జాలి కన్నా గట్టిదనీ చెప్పాను. నా బతుకులో అంత పొడుగు మాట ఒక మగమనిషి ముందు నేను అదే మొదలు మాట్లాడటం.

"గదే," అన్నాడు, ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంటూ.

మరునాడు సాయంత్రం నేను మా ఆయనకు మరచెంబుతో నీళ్లు ఇవ్వడానికి వాచనాలయం వెనక తలుపు దగ్గరికి పోయాను. లోపల వకీల్ సాబ్ గొంతు వినపడింది. నలుగురు చుట్టూ కూర్చున్నారు. "అది ప్రేమ కాదు. పట్టుదల. జాలికంటె గట్టిది," అంటున్నాడు. నేనన్న మాట నేనన్నట్టే. వింటున్నవాళ్లు "వాహ్" అన్నారు. నా నోట్లో ముద్ద తీసి ఇంకొకరు నమిలి ఊరందరికీ పంచుతున్నట్టు అనిపించింది. ఆయన ఆ నవల చదవలేదని ఆ క్షణంలో నాకు తెలిసింది. నీళ్లు అక్కడే పెట్టి వచ్చాను. ఆ తరువాత ఆయన తిని లేచిన చోట నేను రెండుసార్లు పేడతో అలికేదాన్ని.

ఆపైన వెట్టి మీద పుస్తకం వచ్చింది. సన్నటిది, పాత పత్రికలో చుట్టి ఎవరో రైల్లో తెచ్చారు. దొరల ఇళ్లలో కూలి లేకుండా చాకిరి చేసేవాళ్ల కథలు. ఆ అట్ట మీదా అదే పేరు. వాచనాలయంలో దాన్ని చేతులు మారుతూ చదివారు. వకీల్ సాబ్ దాన్నీ నిమిరాడు. నిజాం సర్కారు దాన్ని నిషేధించిందని అప్పటికింకా మాకు తెలియదు.

ఆ రోజు నేను వకీల్ సాబ్ ఇంట్లో ఉన్నాను. ఆయన భార్యను అందరమూ వకీలమ్మ అంటాం. ఇద్దరం లోపలి అర్రలో మినప అప్పడాలు ఒత్తుతున్నాం. ముందరి గదికీ మాకూ మధ్య పరదా ఒక్కటే అడ్డం. బూట్ల చప్పుడైంది. అమీన్ సాబ్ గొంతు. ఇక్కడ అమీన్ అంటే పోలీసు అధికారి. కాగితం మీద తట్టిన చప్పుడైంది.

"యే కితాబ్ ఆప్ కీ హై, వకీల్ సాబ్?" ఈ పుస్తకం మీదేనా అని.

నేను వకీల్ సాబ్ మామూలు మాట కోసం ఎదురు చూశాను. ఆ రోజు ఆ మాట రాలేదు. ఆయన నోట మొదటిసారి తేటగా జవాబు విన్నాను.

"నై."

"నామ్ తో ఆప్ హీ కా హై." పేరు మీదే కదా అని.

"నామ్ తో బహుత్ లోగోం కా హోతా హై, అమీన్ సాబ్." పేరుదేముంది, ఎంతోమందికి ఉంటుందని.

"నాందేడ్ మే ఔర్ కిస్ కా హై?" నాందేడులో ఆ పేరు ఇంకెవరికుందని.

సున్నం డబ్బీ మూత పడ్డ చప్పుడు విన్నాను. తరువాత ఆయన నెమ్మదిగా, మర్యాదగా, వాచనాలయం తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అతని పేరు కూడా అదేనని చెప్పాడు. పత్తి బజారులో ఏ దుకాణమో కూడా చెప్పాడు. పుస్తకాలన్నీ అతని చేతి కిందే ఉంటాయన్నాడు. అన్నీ నిజాలే.

నా చేతులు ఆగిపోయాయి. వకీలమ్మ తల ఎత్తలేదు. "చేతులాపకు చెల్లె, పిండి ఆరుతది," అంది.

నేను పిండి చేతులతోనే వెనక వాకిట్లోంచి పరుగెత్తాను. పత్తి బజారు చేరేసరికి బండ్ల మధ్య జనం మూగారు. ఇద్దరు జవాన్లు మా ఆయనను చెరో రెక్క పట్టుకుని నడిపిస్తున్నారు. ఆయన ధోతికి పత్తి అంటుకుని ఉంది. నన్ను చూసి, "వకీల్ సాబ్‌కు చెప్పు," అన్నాడు. "ఆయన చూసుకుంటడు."

పొద్దు గూకకముందే వకీల్ సాబ్ ఇంటికి మళ్లీ పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎందుకు చెప్పిన్రు?" అన్నాను.

"నేనేమన్న అబద్ధం చెప్పిన్నా అమ్మా?"

"లేదు. ఇప్పుడు గూడ అబద్ధం చెప్పమంటలేను. అదాలత్‌ల నిజమే చెప్పుండ్రి. గా వ్యాకరణం, శతకం, ఎడ్ల పుస్తకం, నవల అన్ని తీస్కపోయి ముంగట పెట్టుండ్రి. ఆ పేరుతోని రాసెటోళ్లు అవతలి దేశంల మస్తుమంది ఉన్నరు, ఇంటిపేరు అక్షరాలు వేరే వేరే ఉన్నయి, అండ్ల ఒక్కడు గూడ నాందేడోడు కాదని చెప్పుండ్రి. ఆయన రాయలేదని తేలుతది."

ఆయన నా ముఖం చూడలేదు. పాన్ చుట్టుకుంటూ, "కేసు నడిపే తీరు నీకు తెల్వదమ్మా. వకాలత్ నేనే తీసుకుంట. పైసా అద్దు," అన్నాడు.

ఆ పుస్తకం దగ్గర పెట్టుకున్నవాళ్లను అమీన్ సాబ్ గదిమి వదిలేశాడు. రాసినవాడికే సజా. అందుకని రాయలేదని తేలితే చాలు. కానీ అట్లా తేల్చాలంటే వకీల్ సాబ్ నిండు అదాలత్‌లో తన వ్యాకరణాన్నీ, శతకాన్నీ, నవలనూ ఒక్కొక్కటిగా వదులుకోవాలి. ఆయన ఒక్కటి కూడా వదులుకోలేదు. లేచి నిలబడి, ఈ మనిషి మునీము, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు, వీడి మొహానికి పుస్తకం రాయడమా హుజూర్ అన్నాడు. అదాలత్‌లో వాళ్లు నవ్వారు. మా ఆయన తల దించుకున్నాడు. జైల్లో పడటానికి కాదు, ఆ నవ్వుకు. "అయితే రాసిందెవరు?" అని మున్సిఫ్ అడిగితే, "అది పోలీసులు తేల్చాలె," అని వకీల్ సాబ్ కూర్చున్నాడు.

తరువాత మాఫీ, అంటే క్షమాపణ, రాసిస్తే వదిలేస్తామన్నారు. "రాయని పుస్తకానికి మాఫీ ఎట్ల అడుగుత?" అన్నాడు మా ఆయన. ఆ మాటకు ఆయన ఒక వానాకాలమూ, ఒక చలికాలమూ జైల్లో ఉన్నాడు. బయటికి వచ్చేసరికి ఎదలో దగ్గు పట్టింది. అడ్తి దుకాణంవాళ్లు మళ్లీ రానివ్వలేదు. నేను శనగలు వేయించి అమ్మాను.

వకీల్ సాబ్ ఒకసారి చూడటానికి వచ్చాడు, సంత్రాలు పట్టుకుని. మంచం పక్క కూర్చుని, తానే ఒక సంత్రా ఒలిచి, తొనలు తానే తింటూ, గింజలు అరచేతిలోకి ఉమ్ముతూ, కేసు ఎంత కష్టపడి నడిపాడో చెప్పాడు. మా ఆయన అంతా విన్నాడు. పరదా వెనకనుంచి నేను విన్నది ఆయనకు జైలు ములాఖాత్‌లోనే చెప్పాను. అప్పుడు నమ్మాడో లేదో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం మోచేతి మీద లేచి అడిగాడు.

"వకీల్ సాబ్, అండ్ల ఒక్క పుస్తకమన్న మీదేనా?"

వకీల్ సాబ్ ఆయన భుజం నిమిరాడు. "నువ్వు అన్ని చదివినవు గద. ఎట్లున్నయి మరి?" అన్నాడు.

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తొక్కలు నేను చేత్తో ముట్టుకోలేక చీపురుతో నూకాను. మరుసటి ఎండాకాలం ఆయన పోయాడు.

నిజాం రాజ్యం పోయాక ఊళ్లో పెద్ద సభ జరిగింది. అప్పటికి వెట్టి మీద పుస్తకం రాయడం గొప్ప. దండ వకీల్ సాబ్ మెడలో పడింది. ఆయన లేచి, "ఈ పుస్తకం కోసం అమీన్ నా ఇంట్లకు అచ్చిండు. ఈ పుస్తకం కోసం మా వాచనాలయం మనిషి జైలుకు పోయి పానం పోగొట్టుకున్నడు," అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లలో కూర్చున్న నా ఒడిలో ఎవరో కొబ్బరికాయ, రైకగుడ్డ పెట్టారు, వకీల్ సాబ్ ఇప్పించాడని. నేను వాటిని అక్కడే కింద పెట్టి లేచి వచ్చాను. ఒళ్లంతా జిగటగా అనిపించి, ఇంటికి వచ్చి నెత్తి మీద నీళ్లు పోసుకున్నాను.

ఆదివారం నాటి సంతాప సభకు పోయాను. బల్ల మీద వకీల్ సాబ్ పటం, దానికి బంతిపూల దండ, ముందర పుస్తకాలు వరసగా. అధ్యక్షుడు నన్ను మాట్లాడమన్నాడు. నేను బల్ల దగ్గరికి పోయి ఒక్కొక్క పుస్తకం తీసి చూపించాను. పేరు అనలేను కాబట్టి, పేరు ముందరి అక్షరం మాత్రమే చదివాను.

"వ్యాకరణం మీద 'క' ఉన్నది. శతకం మీద 'వే' ఉన్నది. ఎడ్ల పుస్తకం మీద 'ము'. నవల మీద 'చి'. వెట్టి పుస్తకం మీద 'దా' ఉన్నది. వకీల్ సాబ్ ఇంటిపేరు అక్షరం వీటిల ఒక్కదాని మీద గూడ లేదు. ఇవి వేరే వేరే మనుషులు రాసినయి. వెట్టి మీద రాసినాయన ఏ ఊరోడో, ఉన్నడో పోయిండో, మనల ఒక్కరమన్న అడిగినమా?"

ఒక పెద్దమనిషి దగ్గాడు. వెనకనుంచి ఎవరో, "పాపం, మొగడు పోయిన మనిషి," అన్నారు. అధ్యక్షుడు నా చేతిలోంచి పుస్తకం మెల్లగా తీసుకుని, ఉన్న చోటే పెట్టి, దండ సర్దాడు. తరువాత వాచనాలయానికి వకీల్ సాబ్ పేరు పెట్టాలని తీర్మానం చదివారు. అందరూ చేతులెత్తారు.

బయటికి వస్తే అధ్యక్షుడు నా వెనకే వచ్చాడు.

"మాకు ఎరుక లేదనుకుంటున్నవా వదినా? ఆ అక్షరాలు మాకు గూడ కనపడ్డయి."

"మరి?"

"గీ ఊర్ల తెలుగోళ్లం ఎంతమందిమి ఉన్నం? మరాఠోళ్లకు పెద్ద పెద్ద కవులున్నరు, పండితులున్నరు. మాకు గూడ ఒకాయన ఉన్నడని చెప్పుకోనికి ఉంటది గద. అందుకే ఊకున్నం."

"మా ఆయనను జవాన్లు ఈడ్చుకపోయిన నాడు గూడ అందుకే ఊకున్నరా?"

అతను వంగి చెప్పులు తొడుక్కున్నాడు. "బోర్డు మీద ఇంటిపేరు రాయిస్తలేం," అన్నాడు చివరికి, నన్ను ఓదారుస్తున్నట్టు. "ఒట్టి పేరే. అది అన్న పేరు గూడ అయితది గద. నువ్వు అట్ల అనుకో వదినా."

బోర్డు పెట్టారు, నీలం మీద తెల్లక్షరాలు. మా ఇంటినుంచి గోదావరికి వాచనాలయం ఉన్న సందులోంచే దగ్గరి దారి. నేనిప్పుడు చుట్టు తిరిగి, గంజ్ బజారు వెనకనుంచి పోతున్నాను. తడిబట్టల మూట నెత్తిన పెట్టుకుని ఈ వయసులో అంత దూరం ఎందుకని దారిలో ఆడవాళ్లు అడుగుతారు. ఆ సందులో వాసన వస్తున్నదని చెప్తాను. మురికి మోరీ వాసన అనుకుంటారు. అనుకోనిస్తాను.